పదం తెలిసిందే, అర్థమే వేరు



అమెరికా తొలి ప్రభుత్వాల పాఠంలో స్టేట్, కాంగ్రెస్, గవర్నర్ వంటి పదాలు వస్తాయి. పిల్లలు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాసేస్తారు. చిక్కు అర్థం దగ్గరే. ఈ మాటలు ఇంట్లో, టీవీ వార్తల్లో ముందే విన్నవి కాబట్టి ఆ అర్థమే ఇక్కడా అనుకుంటారు. ఈ ఐదు పదాలు మీరు ఒకసారి మాట్లాడి చూడండి.

స్టేట్: మన దగ్గర పార్లమెంటు చట్టం చేస్తే రాష్ట్రం ఏర్పడుతుంది, 2014లో తెలంగాణ అలాగే వచ్చింది. అక్కడ వరుస వేరు. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 వలసలు స్టేట్లయ్యాయి. అవి కలిసి జాతీయ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసుకున్నాయి.

కాన్ఫెడరేషన్: 1781లో అమల్లోకి వచ్చిన ఆ స్టేట్ల తొలి కూటమి. దాని కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు, స్టేట్లను డబ్బు అడగడమే. మెయింటెనెన్స్ అడగగలదు కానీ వసూలు చేయలేని అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను ఊహించుకోమనండి, వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి ఇబ్బందుల వల్లే 1787లో ఫిలడెల్ఫియాలో కొత్త రాజ్యాంగం రాశారు.

కాంగ్రెస్: పిల్లలకు ఇది పార్టీ పేరు. అక్కడ ఇది చట్టాలు చేసే సభ. కొత్త రాజ్యాంగం దీన్ని రెండు సభలుగా చేసింది. సెనేట్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా స్టేట్‌కు ఇద్దరు. ప్రతినిధుల సభలో జనాభాను బట్టి సభ్యులు.

గవర్నర్: మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో ఇప్పుడు ప్రజలే ఎన్నుకుంటారు; ఆ పని మన ముఖ్యమంత్రి పనికి దగ్గర. తొలినాళ్లలో వర్జీనియా వంటి చోట్ల చట్టసభ ఎన్నుకునేది.

సెక్రటరీ: మన దగ్గర ఐఏఎస్ అధికారి గుర్తొస్తారు. అక్కడ మంత్రి లాంటి పదవి. వాషింగ్టన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు విదేశీ వ్యవహారాలు చూసిన థామస్ జెఫర్సన్ పదవి పేరు సెక్రటరీ ఆఫ్ స్టేట్.

ఇంట్లో ప్రతి పదానికీ మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు ఎన్నుకుంటారు? ఏం పని చేస్తారు? మన దగ్గర ఆ పని ఎవరిది? జవాబు తెలుగులో చెప్పినా పరవాలేదు. అర్థం కుదిరాక ఇంగ్లీషు వాక్యం క్లాసులో మేము రాయిస్తాం.

"మేం తెలుగు మీడియం, ఇంగ్లీషు పాఠం మా వల్ల కాదు" అని దయచేసి వెనక్కి తగ్గకండి. ఓటు, పన్ను, చట్టం గురించి మీకు తెలిసినదే ఈ పాఠానికి పునాది.