దుకాణములందలి కావలి కన్ను

నల్లగొండ గడియార స్తంభము చుట్టును గాని, మహబూబునగరము బజారులలో గాని, జడ్చర్ల ప్రక్కనున్న బాదేపల్లిలో గాని నడచిపోవువారు తలయెత్తి చూచినచో, దుకాణముల చూరుక్రింద ఒక చిన్న డబ్బాయో నల్లని గాజుబుడ్డియో తమవైపు చూచుచుండుట గమనింపగలరు. దానినే సీసీ కెమెరా యందుము. పూర్వపు షావుకార్లు గల్లాపెట్టెకు తాళమును, వాకిటికి కావలివానిని నమ్ముకొనిరి. నేటి వర్తకులు వానితోపాటు ఈ కంటిని గూడ నమ్ముకొనుచున్నారు. ఈ కన్ను దొంగతనమును నిజముగా ఆపునా? జరిగిన దొంగతనమును న్యాయస్థానములో రుజువు పఱచునా? ఈ రెండు ప్రశ్నలకు మా విద్యార్థులకును, వ్యాపారము చేసికొను వారి తల్లిదండ్రులకును బోధపడునట్లు సమాధానము చెప్ప ప్రయత్నింతుము. మా యభిప్రాయమును ముందుగనే విన్నవింతుము: కెమెరా మంచి సాక్షియే; కాని శ్రద్ధగల యజమానుడు లేనిచో ఆ సాక్షి మూగది.

సీసీ యనగా మూయబడిన వలయమని యర్థము. టెలివిజను కేంద్రము పంపు బొమ్మలు అందఱికిని చేరును. ఈ కెమెరా తీయు బొమ్మలు యజమానుని తెరకు మాత్రమే చేరును. 1942లో జర్మనీ దేశమున పీనెముండె యను చోట రాకెట్ల ప్రయోగమును దూరమునుండి చూచుటకు ఇట్టి యేర్పాటు చేసిరి. అమెరికాలో న్యూయార్కు నగరవాసియైన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు తన యింటి భద్రతకై, తలుపు వెలుపల నిలిచినవారిని లోపలి తెరపై చూపు సాధనమును కల్పించి, 1969లో పేటెంటు పొందెను. యుద్ధమునందు పుట్టిన యుపాయము ఇట్లు ఇంటి వాకిటికి వచ్చినది.

కెమెరా పనిచేయు విధము కష్టమైనది కాదు. కటకము ద్వారా వచ్చిన వెలుతురు లోపలి సెన్సారుపై పడి విద్యుత్సంకేతముగా మాఱును. ఆ సంకేతము తీగె వెంట డీవీఆర్ అను పెట్టెను చేరి, అందలి హార్డుడిస్కుపై లిఖింపబడును. రాత్రివేళ మన కంటికి కానరాని పరారుణ కిరణములను కెమెరాయే ప్రసరింపజేసి, తెలుపు నలుపు బొమ్మలను తీయును. డిస్కు నిండినచో పెట్టె ఆగిపోదు. పాత బొమ్మలను చెఱిపి, ఆ స్థలమున క్రొత్తవానిని వ్రాసికొనును.

విద్యార్థులారా, ఇచ్చట ఒక లెక్క చేయుడు. ఒక కెమెరా సెకనునకు 20 లక్షల బిట్లు పంపుననుకొందము. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, సెకనునకు 2.5 లక్షల బైట్లగును. దినమునకు 86,400 సెకనులు. కావున ఒక దినమునకు 2,160 కోట్ల బైట్లు, అనగా 21.6 గిగాబైట్లు కావలెను. నాలుగు కెమెరాలకు దినమునకు 86.4, ముప్పది దినములకు 2,592 గిగాబైట్లు. యజమానుడు వెల తక్కువయని 1,000 గిగాబైట్ల డిస్కు కొన్నచో అది పండ్రెండవ దినముననే నిండిపోవును. నెలాఖరున సరుకు లెక్కించి, రెండవ తేదీన మాయమైన బస్తాను గూర్చి విచారింపబోవునప్పటికి ఆనాటి బొమ్మ చెఱిగిపోయి యుండును. సాక్షి యుండియు మఱచిపోయెనన్నమాట. జనులు విస్తారముగా గుమిగూడు స్థలములలో కెమెరాలుంచి, బొమ్మలను ముప్పది దినములు భద్రపఱుపవలెనని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చర్యల అమలు చట్టము విధించుటలోని యుద్దేశము ఈ లెక్కవలన తేటపడును.

ఇక మొదటి ప్రశ్న. కెమెరాకు కన్నున్నది గాని చేయి లేదు. అది దొంగ చేయి పట్టుకొనజాలదు. అయినను దొంగకు లాభనష్టముల లెక్కయుండును. పట్టుబడుదునను భయము హెచ్చినచో వాడు వెనుదీయును. నలుబది సంవత్సరముల పరిశోధనలను కొందఱు పండితులు సమీకరించి 2019లో ప్రకటించిన పరిశీలనలో, కెమెరాలున్న చోట్ల నేరములు సుమారు నూటికి 13 వంతున తగ్గెనని తేలినది. వాహనములు నిలుపు స్థలములలో మేలు అన్నిటికంటె హెచ్చుగా కనబడినది. కొట్లాటల వంటి దౌర్జన్యములలో చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. కారణము ఊహింపవచ్చును. మోటారుసైకిలు తాళము విప్పువాడు నలుదిక్కులు చూచును. త్రాగిన మైకమున చేయి యెత్తినవాడు ఏ దిక్కును చూడడు. కావున దుకాణము ముందు నిలిపిన బండ్లకును, అరలలోని సరుకునకును, గల్లాపెట్టెకును కెమెరా కొంత రక్షణ. అది సర్వరోగ నివారిణి కాదు. మఱియు తెఱవెనుక నెవ్వరైన చూచుచున్నచో మేలు హెచ్చునని ఆ పరిశీలనయే చెప్పుచున్నది.

రెండవ ప్రశ్న రుజువును గూర్చినది. బ్రిటను దేశపు రైల్వే పోలీసులు 2011 మొదలు 2015 వఱకు నమోదు చేసిన సుమారు 2.5 లక్షల నేరములను గూర్చి 2017లో ఒక పరిశోధన వెలువడెను. వానిలో నూటికి 45 నేరములకు మాత్రమే బొమ్మలు దొరకినవి. దొరకిన చోట నూటికి 65 సందర్భములలో అవి విచారణకు ఉపయోగపడినవి. బొమ్మ దొరకినచో ప్రయోజనము హెచ్చు, దొరకుటయే కష్టము. నేరము జరిగిన వేళ సరిగా తెలియనిచో ఆ కష్టము మఱింత పెరుగును. గడియారము తప్పిన కెమెరా ఎంత చేటో దీనివలన గ్రహింపవచ్చును.

మన ప్రాంతమునకు ఈ సంగతి ముఖ్యమైనది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా 65వ జాతీయ రహదారియు, షాద్‌నగర్, జడ్చర్లల మీదుగా 44వ జాతీయ రహదారియు పోవుచున్నవి. నల్లగొండయు మహబూబునగరమును హైదరాబాదునకు సుమారు నూఱేసి కిలోమీటర్ల దూరమున నున్నవి. రాత్రి ఇచ్చట దొంగిలించినవాడు తెల్లవాఱకముందే నగరములో కలిసిపోగలడు. అట్టివాని జాడ ఒక్క దుకాణపు కెమెరాతో తెలియదు. పెట్రోలు బంకు, భోజనశాల, మందుల దుకాణము, ఇట్లు వరుసగా నున్న కన్నులు ఒకదాని వెనుక నొకటి చూచినచో బండి పోయిన త్రోవ తెలియును. హైదరాబాదు పోలీసువారు "నేను సైతం" అను పేరిట వర్తకులను, కాలనీవాసులను ప్రోత్సహించి, వీధివైపు కెమెరాలు పెట్టించుటలోని భావమిదియే. బంజారాహిల్సులో 2022 ఆగస్టు 4వ తేదీన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రము ప్రారంభింపబడినది. తన కొట్టుకై పెట్టిన కెమెరాను ఒకటి వీధివైపు త్రిప్పినవాడు పొరుగువానికి గూడ కావలి కాచినవాడగును.

బొమ్మ దొరకినంత మాత్రమున పని ముగియదు. కంప్యూటరులోని దానిని మార్చుట సులభము గనుక న్యాయస్థానము దానిని ఊరక నమ్మదు. మూలయంత్రమును గాక నకలును దాఖలు చేసినచో, అది ఏ యంత్రమునుండి ఎట్లు తీయబడెనో తెలుపు ధ్రువపత్రము కావలెనని సుప్రీంకోర్టు 2020లో నిర్ణయించెను. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, 63వ సెక్షను క్రింద ఆ ధ్రువపత్రపు నమూనాను ఇచ్చినది. అందు "హాష్" అను సంఖ్యను గూడ వ్రాయవలెను. అది లక్కముద్ర వంటిది. బొమ్మలో ఒక చుక్క మాఱినను ఆ సంఖ్య మాఱిపోవును గనుక, మోసము బయటపడును.

సాక్షి మూగవోయినచో నేమగునో చూపుటకు ఒక వ్యాజ్యమును చెప్పెదము. 2010లో వారణాసిలోని ఒక హోటలున దిగిన ముగ్గురు ఇటలీ దేశస్థులలో ఒకడు మరణించెను. మిగిలిన యిద్దఱిపై హత్యానేరము మోపబడెను. వారికి యావజ్జీవ శిక్ష పడెను. ఆ హోటలులో కెమెరాలుండెను. గదిలోనికి పరులెవ్వరును పోలేదని బొమ్మలు చూచి చెప్పినవారు గూడ నుండిరి. కాని ఆ బొమ్మలు న్యాయస్థానమునకు రాలేదు. అన్నిటికంటె మంచి సాక్ష్యమును ప్రాసిక్యూషను దాఖలు చేయకపోవుట పెద్ద లోపమని సుప్రీంకోర్టు ఎంచి, మఱికొన్ని కారణములతో గూడ, 2015 జనవరి 20వ తేదీన వారిని విడుదల చేసెను. ఇది టొమాసో బ్రూనో వ్యాజ్యమని ప్రసిద్ధి. కొన్ని గంటల బొమ్మలకై ఇద్దఱి బ్రదుకులు సంవత్సరముల తరబడి తూగుటుయ్యెల నూగెను.

దీనివలన మఱియొక సత్యము తెలియుచున్నది. కెమెరా దొంగను పట్టించుటకే గాక, నిర్దోషిని విడిపించుటకు గూడ నున్నది. గల్లాలో సొమ్ము తక్కువైనచో తొలుత అనుమానింపబడువాడు కూలికి వచ్చిన పేదపిల్లవాడే. వాని మాటకు విలువ తక్కువ. కెమెరా మాటకు పేద ధనిక భేదము లేదు. మిర్యాలగూడ రైసుమిల్లుకు వడ్లు తోలిన రైతునకు తూకములో వివాదము వచ్చినపుడు, కాటా పైకి చూచు కెమెరా ఇరుపక్షములకును సాక్షి. యజమానుడు తనకు ననుకూలమైన బొమ్మను దాచి, ప్రతికూలమైనదానిని చెఱిపినచో అది కావలి కాదు, కపటము.

కన్నునకు హద్దును ఉండవలెను. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. గద్వాల, నారాయణపేట చీరల దుకాణములకు వచ్చు ఆడుబిడ్డలు బట్టలు మార్చుకొను గదిలోనికి కెమెరా చూచుట ఘోరనేరము. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద శిక్షార్హము. కెమెరా కలదని తెలుపు పలక వాకిట నుంచుట మర్యాదయు, దొంగకు హెచ్చరికయు నగును.

కడపట వర్తకులకు కొన్ని మాటలు. కెమెరాను మఱీ ఎత్తున బిగింపకుడు. తలపాగలు తప్ప ముఖములు కానరావు. ఎండ పడు వాకిటికి ఎదురుగా బిగించినచో వచ్చువాడు నల్లని నీడవలె కనబడును. కరెంటు పోవు వేళకై బ్యాటరీ నుంచుడు. డీవీఆర్ పెట్టెను గల్లా ప్రక్కన గాక, తాళమున్న చోట నుంచుడు. దొంగ దానినే యెత్తుకొనిపోవచ్చును. వారమున కొకసారి గడియారమును, కటకముపై సాలెగూడును, నిన్నటి బొమ్మను చూచుకొనుడు. దొంగతనము జరిగినచో ఆనాడే నకలు తీయించి పోలీసువారికి తెలుపుడు.

ఈ పనులకు ధనము కంటె శ్రద్ధ యెక్కువ కావలెను. మా పాఠశాల బాలబాలికలలో పలువురు రేపు దుకాణములు నడుపువారును, లెక్కలు వ్రాయువారును, న్యాయవాదులును కాగలరు. యంత్రము చూచినదానిని చూచినట్లే యుంచి, అడిగినపుడు దాచక చూపు నిజాయితీ వారిదే కావలెను.