న్యూట్ పెంపకం: చల్లదనం, నీరు, దూరం

చలికాలం చివర మంచు కరిగి, మొదటి వెచ్చని వాన పడిన రాత్రి బ్యోబ్లింగెన్ పరిసరాలలో నేలమీద ఒక నిశ్శబ్ద ప్రయాణం మొదలవుతుంది. పట్టణానికి దక్షిణాన ఉన్న షోన్‌బూఖ్ అడవి బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 1972లో ఏర్పడిన మొట్టమొదటి ప్రకృతి ఉద్యానం. ఇటువంటి అడవుల అంచులలో, ఇళ్ళ తోటలలో, రాలిన ఆకుల కిందా వేళ్ళ సందులలోనూ తలదాచుకున్న కప్పలు, న్యూట్‌లు సంతానం కోసం నీటిగుంటల వైపు బయలుదేరుతాయి. దారిలో కొన్ని, నేలమాళిగ కిటికీకి వెలుతురు రావడానికి గోడ పక్కన తవ్విన గుంతలలో పడి పైకి రాలేకపోతాయి. వేలెడంత పొడవు, నీలినలుపు వీపు, నారింజరంగు పొట్ట ఉన్న అటువంటి ప్రాణిని చూసిన తెలుగు పిల్లవాడి నోట ముందుగా వచ్చే మాట ‘బల్లి’. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ‘పెంచుకుందామా?’ ఆ మాటను సరిదిద్ది, ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగితే, న్యూట్ పెంపకంలో తొలి పాఠాలు చాలావరకు పూర్తయినట్టే.

బల్లి కాదు

బల్లి సరీసృపం. పొడి చర్మం, పొలుసులు, ఎండను కోరుకునే దేహం దాని లక్షణాలు. న్యూట్ ఉభయచరం; ఆకారంలో బల్లిని పోలినా చుట్టరికం కప్పతో. దాని పలుచని, తడి చర్మం ఊపిరి తీసుకునే అవయవం కూడా. నీటిలో కరిగిన ప్రాణవాయువు ఆ చర్మం గుండానే లోపలికి వెళుతుంది. నీటిలో కరిగిన విషాలూ ఆ దారినే వెళతాయి. అందువల్ల న్యూట్‌ను పెంచడమంటే ముఖ్యంగా నీటిని కాపాడడం.

ఆంధ్ర, తెలంగాణ నేలల మీద న్యూట్‌లు లేవు. భారతదేశంలో తోక ఉన్న ఉభయచరాలు డార్జిలింగ్ వంటి తూర్పు హిమాలయ ప్రాంతాలకూ ఈశాన్య కొండలకూ మాత్రమే పరిమితం. తెలుగులో దీనికి వాడుక పేరు లేకపోవడానికి కారణం అదే. పేరు లేకపోవడం కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. వేడిదేశం నుంచి వచ్చినవారికి చలి అంటే కష్టం, వెచ్చదనం అంటే సుఖం. న్యూట్‌కు ఇది సరిగ్గా తలకిందులు. ప్రేమకొద్దీ తొట్టిలో హీటర్ పెట్టడం, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచడం దానికి ప్రాణాంతకం.

పట్టుకోకూడని న్యూట్

కిటికీ గుంతలో దొరికిన ప్రాణి చాలావరకు జర్మన్లు బెర్గ్‌మోల్ష్ అని పిలిచే ఆల్పైన్ న్యూట్ అయివుంటుంది. జర్మనీలో సహజంగా జీవించే ఉభయచరాలన్నీ చట్టరక్షణలో ఉన్నాయి. సమాఖ్య ప్రకృతి పరిరక్షణ చట్టం 44వ విభాగం ప్రకారం వాటిని పట్టుకోవడం, గాయపరచడం, గుడ్లను సేకరించడం నిషిద్ధం. గాయపడిన, నిస్సహాయ స్థితిలో ఉన్న జంతువును కోలుకునేవరకు సంరక్షించడానికి 45వ విభాగం అవకాశమిస్తుంది. కోలుకున్న వెంటనే వదిలిపెట్టాలన్నది ఆ అవకాశానికి షరతు.

కనుక గుంతలో చిక్కిన న్యూట్‌ను తడిచేతులతో మెల్లగా తీసి, దగ్గరలోనే పొదల నీడలో, ఆకుల తడి మీద వదలాలి. గుంతకు సన్నని కంతల జల్లెడ బిగించినా, పైకి పాకడానికి ఒక గరుకు చెక్కను ఏటవాలుగా నిలబెట్టినా మరుసటి ఏడు ఆ ప్రమాదం తప్పుతుంది.

పెంచుకోదగినది నిర్బంధంలో పుట్టి పెరిగిన న్యూట్. తొలిసారి పెంచేవారు సాధారణంగా ఎంచుకునే జాతి చైనా ఎర్రపొట్ట న్యూట్. ఇది ఎదిగాక దాదాపు పూర్తిగా నీటిలోనే ఉంటుంది. పిల్లదశలో చాలాకాలం నేలమీద గడుపుతూ, కదిలే చిన్న పురుగులను మాత్రమే తింటుంది కాబట్టి, కొత్తవారు ఎదిగిన వాటినే తీసుకోవడం మేలు. ఎక్కడ పుట్టిందో చెప్పగల పెంపకందారు దగ్గరే కొనాలి. అడవిలో పట్టి, దూరప్రయాణం చేయించి అమ్మేవి తరచుగా నీరసించి, జబ్బులతో వస్తాయి.

ఒక శిలీంధ్రం కథ

పుట్టుక గురించిన ఈ పట్టుదలకు బలమైన కారణం ఉంది. 2010 నుంచి నెదర్లాండ్స్ దక్షిణాన ఒక అడవిలో పసుపుమచ్చల సాలమాండర్లు వేగంగా అంతరించసాగాయి. 2013లో శాస్త్రజ్ఞులు దానికి కారణమైన చర్మశిలీంధ్రాన్ని గుర్తించి ‘సాలమాండర్లను తినేది’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వాడుకలో అది బీసాల్. దాని మూలం ఆసియా అనీ, పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా ఐరోపాకు చేరివుంటుందనీ 2014లో ప్రచురితమైన పరిశోధన సూచించింది. ఆసియా జాతులలో కొన్ని దాన్ని మోస్తూ కూడా ఆరోగ్యంగా కనబడతాయి. ఐరోపా జాతులలో అనేకం చనిపోతాయి. జర్మనీలో ఐఫెల్ కొండలలోనూ రూర్ ప్రాంతంలోనూ అది బయటపడింది. అమెరికా 2016లో 201 సాలమాండర్ జాతుల దిగుమతిని నిషేధించగా, ఐరోపా సమాఖ్య 2018లో వాటి వాణిజ్యానికి క్వారంటైన్, పరీక్షల నియమాలు విధించింది.

ఇంటి తొట్టికి దీని అర్థం స్పష్టం. తొట్టి నీటిని తోటలో గానీ వానకాలువలో గానీ పారబోయకూడదు. మురుగునీటి గొట్టంలోకే పంపాలి. వాగులోంచి తెచ్చిన మొక్కలను, రాళ్ళను తొట్టిలో వేయకూడదు. పెంచలేకపోయిన న్యూట్‌ను ‘స్వేచ్ఛ ఇస్తున్నాం’ అనుకుంటూ చెరువులో వదలడం అన్నింటికంటే పెద్ద తప్పు. ఒక ఇంటి జాలి అడవిలోని ఒక జాతి మొత్తానికి చేటు కావచ్చు.

తొట్టి, నీరు

రెండు మూడు చిన్న న్యూట్‌లకు 60 సెంటీమీటర్ల పొడవున్న, సుమారు 54 లీటర్లు పట్టే తొట్టి సరిపోతుంది. అడుగున సన్నని ఇసుక వేయాలి. గులకరాళ్ళయితే తిండితోపాటు మింగే ప్రమాదముంది. నాచు, నీటిమొక్కలు దట్టంగా ఉండాలి. ఆడ న్యూట్ ఒక్కొక్క గుడ్డునూ ఒక్కొక్క ఆకు మడతలో దాస్తుంది. పైకెక్కి కూర్చోవడానికి తేలే బెరడుముక్క ఒకటి చాలు. చేపలను కలిపి పెంచకూడదు. మూత బిగుతుగా ఉండాలి. తడి అద్దం మీద న్యూట్ గోడమీది బల్లిలాగే పాకుతుంది. తప్పించుకున్నది సోఫా కింద ఎండిపోయి దొరకడం పెంపకందారులకు తెలిసిన విషాదమే.

తొట్టి కొన్నరోజే న్యూట్‌ను తేకూడదు. దాని విసర్జనలోంచి పుట్టే అమ్మోనియాను ఒకరకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరొకరకం అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా వడపోత స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వ్యాధులు లేవని తెలిసిన పాత తొట్టి స్పాంజి ముక్క దొరికితే ఈ పని త్వరగా జరుగుతుంది. పాలకు తోడు వేయడం వంటిదే ఇది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని పరీక్షలో తేలాకే న్యూట్ రావాలి. ఆ తరువాత వారానికొకసారి నాలుగోవంతు నీటిని మార్చాలి. వడపోత ప్రవాహం మందంగా ఉండాలి. న్యూట్ నిలకడ నీటి ప్రాణి, ఏటికి ఎదురీదేది కాదు.

ఆగస్టు పరీక్ష

నీటి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండటం ఉత్తమం. 25 దాటితే ప్రమాదం. జర్మనీ ఇళ్ళలో ఎక్కువభాగం ఎయిర్ కండిషనర్లు ఉండవు. 2019 జూలై 25న ఆ దేశంలో 41.2 డిగ్రీల వేడి నమోదైంది. ఎండాకాలంలో పై అంతస్తు ఫ్లాట్‌లోని తొట్టి రెండుమూడు రోజులలోనే హద్దు దాటగలదు.

మూత స్థానంలో సన్నని జాలీ బిగించి, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. గడ్డకట్టించిన నీటిసీసాను తొట్టిలో తేల్చవచ్చు గానీ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోకుండా చూడాలి. అన్నిటికన్నా సులువైనది, తొట్టిని మొదటినుంచీ ఇంట్లో అతి చల్లని గదిలో పెట్టడం, వడగాలి రోజులలో న్యూట్‌లను నేలమాళిగకు మార్చడం.

అయితే తెలుగు కుటుంబాలకు అసలు పరీక్ష మరొకచోట ఉంది. బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో వేసవి సెలవులు జూలై చివర మొదలై సెప్టెంబరు దాకా సాగుతాయి. ఇంటిల్లిపాదీ విజయవాడకో వరంగల్లుకో వెళ్ళేదీ, తొట్టి వేడెక్కేదీ ఒకే వారాలలో. ఎదిగిన ఆరోగ్యవంతమైన న్యూట్ చల్లని నీటిలో ఒకటి రెండు వారాలు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. వేడి నీటిలో ఆరు వారాలు తట్టుకోలేదు. థర్మామీటరు చూసి, సీసా మార్చి, నీరు మార్చగల మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి పేరు తెలియకుండా తొట్టి కొనకూడదు.

తిండి, స్పర్శ

వానపాము ముక్కలు, ఎర్రని దోమజాతి పురుగులు, నీటి ఈగలు దీని ఆహారం. రెండు మూడు రోజులకొకసారి పెట్టి, మిగిలినది తీసేయాలి. చల్లని దేహం తక్కువ తింటుంది. రోజూ పెడితే నీరూ పాడవుతుంది, ప్రాణీ కొవ్వెక్కుతుంది.

న్యూట్‌ను చేతితో పట్టి ఆడించకూడదు. మన అరచేతి వేడి, ఉప్పు, సబ్బు అవశేషాలు దాని చర్మానికి హాని. దాని చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. జపాన్ వారి ఫుగు చేపలోని విషం అదే. చేతిని కేవలం ముట్టడం వల్ల సాధారణంగా ప్రమాదం లేకపోయినా, తొట్టిలో చేయిపెట్టిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లలను ఒంటరిగా తొట్టి దగ్గర వదలకూడదు. ఇది చూసి ఆనందించవలసిన జంతువు.

చూడడానికి ఉన్నది తక్కువేమీ కాదు. బ్యోబ్లింగెన్ పక్కనున్న స్టుట్‌గార్ట్‌లో 1869లో పుట్టిన హాన్స్ స్పేమన్, ఫ్రైబుర్గ్‌లో హిల్డే మాంగోల్డ్‌తో కలిసి 1924లో ప్రచురించిన ప్రయోగం న్యూట్ పిండాల మీద జరిగినదే. ఒక పిండంలోని చిన్నభాగాన్ని మరొకదానికి అతికితే అక్కడ రెండో దేహం రూపుకట్టింది. దేహనిర్మాణాన్ని నడిపించే కేంద్రం పిండంలోనే ఉందని ఆ విధంగా తెలిసింది. స్పేమన్‌కు 1935లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆకుమడతలోని గుడ్డులో కణం రెండై, నాలుగై, తోకగల డింభకమయ్యేదాకా జరిగేదంతా ఇంటి భూతద్దంతోనే చూడవచ్చు.

ఎన్నేళ్ళ బాధ్యత

2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో జపాన్ న్యూట్‌ల కంటికటకాన్ని 16 ఏళ్ళలో 18 సార్లు తొలగించారు. ప్రతిసారీ అది కొత్తగా, లోపం లేకుండా పెరిగింది. ప్రయోగం ముగిసేనాటికి వాటి వయసు కనీసం 30 ఏళ్ళు. పెంపుడు న్యూట్‌లు అంతకాలం బతకకపోయినా, మంచి సంరక్షణలో 15, 20 ఏళ్ళు సాధారణమే.

మూడేళ్ళ ఉద్యోగ ఒప్పందం మీద వచ్చినవారు ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. వీసా కంటే న్యూట్ ఆయువు ఎక్కువ. స్వదేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోవడం దాదాపు అసాధ్యం. చెరువులో వదలడం నిషిద్ధం. బాధ్యత తీసుకునే మరో పెంపకందారును ముందే ఎంచుకోవాలి.

కిటికీ గుంత దగ్గర నిలబడ్డ పిల్లవాడికి జవాబు కాబట్టి రెండు భాగాలు. ఈ న్యూట్ అడవిది. దాన్ని ఆకుల మీద వదిలి, గుంతకు జల్లెడ బిగిద్దాం. ఇంట్లో ఒకటి కావాలంటే ముందు నీళ్ళతొట్టి పెట్టి, ఆరు వారాలు ఖాళీగా నడిపి, రోజూ ఉష్ణోగ్రత రాసిపెడదాం. జూలై, ఆగస్టుల అంకెలు కూడా ఆ కాగితం మీద చేరాక, అప్పటికీ కోరిక నిలిచివుంటే, పెంపకందారుకు ఫోన్ చేద్దాం.