పట్టిన నీళ్లు ఎందుకు నిలవవు?

"సిస్టర్ గారూ, పట్టినవి పట్టినట్టే పోతున్నాయి. ఇంకా పట్టి ఏం లాభమండీ?" పిల్లల వార్డులో మేము తరచుగా వినే మాట ఇది. విరేచనాలు కట్టేదాకా పాలు, నీళ్లు మానిపించి, బిడ్డ వాడిపోయాక తీసుకొచ్చే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. వారిని మేము కోప్పడం. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏ తల్లీ అలా చేయదు. అందుకే ఈ నాలుగు మాటలు.

వైరస్ తనంతట తాను పెరగలేదు. మన శరీరంలోని జీవకణంలోకి చొరబడి, ఆ కణం చేతనే తనవంటి వైరస్‌లను తయారు చేయించుకుంటుంది. చివరకు ఆ కణం దెబ్బతిని చనిపోతుంది. ఏ కణాలు పోయాయో దాన్నిబట్టే జబ్బు లక్షణాలు.

పసిపిల్లల్లో తీవ్రమైన నీళ్ల విరేచనాలకు ముఖ్య కారణాల్లో ఒకటి రోటా వైరస్. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె సహచరులు జబ్బుపడిన పిల్లల పేగు పొరలో దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. బండి చక్రంలా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది.

చిన్నపేగు లోపలి గోడ తువ్వాలు మీది పోగుల్లాంటి చూషకాలతో నిండి ఉంటుంది. వాటి కొసన ఉన్న కణాలే ఆహారాన్నీ నీటినీ పీల్చుకుంటాయి. రోటా వైరస్ సరిగ్గా ఆ కణాలనే పట్టుకుంటుంది. అవి రాలిపోతే నీరు పేగులోనే ఉండిపోతుంది. పైగా వైరస్ తయారు చేయించే ఒక ప్రొటీన్ విషంలా పనిచేసి, ఒంట్లోని ఉప్పునూ నీటినీ పేగులోకి లాగుతుంది.

అయితే అన్ని కణాలూ పోవు. మిగిలిన కణాల్లో ఒక ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. గ్లూకోజు, ఉప్పు కలిసి వస్తే అది రెండింటినీ లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరూ వెళుతుంది. ఓ.ఆర్.ఎస్. పనిచేసేది ఇలాగే. విరేచనం వెంటనే ఆగదు, కాని ఒంట్లో నీరు నిలుస్తుంది. ఈలోగా చూషకాల అడుగున కొత్త కణాలు పుట్టి, కొద్ది రోజుల్లో పైకి చేరతాయి. ఆ మరమ్మతుకు తల్లిపాలు, తిండి కావాలి.

ఊపిరి గొట్టాల్లోనూ ఇదే తీరు. ఆర్.ఎస్.వి. అనే వైరస్ కఫాన్ని పైకి నెట్టే నూగు కణాలను దెబ్బతీస్తుంది. రాలిన కణాలు, కఫం కలిసి పసిబిడ్డల సన్నని గొట్టాలను మూసేస్తాయి. పిల్లికూతలు, ఆయాసం అందుకే. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా మీద పనిచేస్తాయి గాని వైరస్‌ల మీద కాదు. దుకాణంలో అడిగి కొని వేయకండి.

మీరు చేయవలసినవి:

1. ఓ.ఆర్.ఎస్. పొడి మొత్తాన్ని ప్యాకెట్ మీద రాసినన్ని మంచినీళ్లలో కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి.

2. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా పట్టండి.

3. డాక్టరు రాసిన జింకు మందు, విరేచనాలు కట్టినా సరే, 14 రోజులూ వేయండి.

4. బిడ్డకు 6, 10, 14 వారాలకు రోటా చుక్కలు వేయించండి. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలైన ఈ ఉచిత టీకా తర్వాత దేశమంతటికీ వచ్చింది.

కళ్లు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, డొక్కలు ఎగరేస్తున్నా, మలంలో రక్తం పడినా, మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో ఏదీ పోయకండి. తాగగలిగే బిడ్డకైతే దారి పొడవునా చెంచాతో పట్టిస్తూనే రండి. పట్టినదంతా పోవడం లేదని ఇప్పుడు మీకు తెలుసు.