సైకిలుకు జీపీఎస్ మీటరు: ఎవరికి అవసరం? ఏది కొనాలి?

జగిత్యాల: సైకిలుకు గంట, డైనమో లైటు, వెనుక క్యారియరు ఉంటే చాలుననుకునే రోజులు పోయాయి. ఎంత దూరం తొక్కిందీ, ఎంత వేగంతో తొక్కిందీ, ఏ దారిన వెళ్లిందీ చూపే చిన్న యంత్రాలు మార్కెట్లోకి వచ్చాయి. వీటినే జీపీఎస్ సైకిల్ కంప్యూటర్లంటారు. వీటి ధర కొన్ని వేల రూపాయలతో మొదలై ముప్పై వేలు దాటుతుంది. కొన్నింటి ఖరీదుతో రెండు, మూడు మామూలు సైకిళ్లు వస్తాయి. కనుక తొందరపడి కొంటే కష్టార్జితం వృథా అవుతుంది.

చక్రం లెక్క, ఉపగ్రహం లెక్క

సాంచాలపై నేసిన బట్టను కొలిచి కూలి కట్టే సిరిసిల్లలో కొలత విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు. సైకిలు దూరాన్ని రెండు విధాలుగా కొలవవచ్చు. పాత పద్ధతిలో చక్రపు పుల్లకు చిన్న అయస్కాంతం బిగిస్తారు. అది ఎన్ని చుట్లు తిరిగిందో మీటరు లెక్కిస్తుంది. ఇది వందల రూపాయల్లోనే దొరుకుతుంది. అయితే చక్రం చుట్టుకొలత సరిగా ఇవ్వాలి. టైరుపై సుద్దతో గీత గీసి, నేలపై ఒక చుట్టు నడిపించి, ఆ దూరాన్ని టేపుతో కొలవాలి. 210 సెంటీమీటర్ల చక్రానికి ఒక్క సెంటీమీటరు తప్పు పడినా వంద కిలోమీటర్లలో దాదాపు అర కిలోమీటరు తేడా వస్తుంది.

రెండవది జీపీఎస్. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాల వ్యవస్థ ఇది. 1995లో పూర్తి స్థాయిలో పనిచేయసాగింది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే పరికరం తానున్న చోటును లెక్కగడుతుంది. ఇందుకు సిమ్ కార్డు గాని, ఇంటర్నెట్ గాని అక్కరలేదు. దట్టమైన చెట్ల కింద, ఎత్తైన గోడల మధ్య మాత్రం లెక్క కొంత తప్పవచ్చు. రష్యా, ఐరోపా, చైనా ఉపగ్రహాల సంకేతాలను కూడా అందుకునే పరికరమైతే మరింత మేలు.

ఎవరికి ఏది?

ఊరి నుంచి కోరుట్ల కాలేజీకి వెళ్లి వచ్చే విద్యార్థికి ఇంత ఖర్చు అనవసరం. చేతిలోని ఫోను చాలు. అయితే ఎండాకాలంలో ఫోను వేడెక్కుతుంది, తెర సరిగా కనిపించదు, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. దూర ప్రయాణాలు చేసేవారికి ఇది చిక్కే. బ్రెవె అనే దూర ప్రయాణ పోటీలాంటి కార్యక్రమంలో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి. అలాంటివారికి కనీసం 15 గంటలు నిలిచే బ్యాటరీ, వానకు తట్టుకునే పెట్టె, ఎండలో చదవదగిన తెర ఉన్న పరికరం ఉపయోగపడుతుంది. కొండగట్టు వంటి ఎక్కుళ్ల లెక్క కావాలంటే గాలి పీడనంతో ఎత్తును కొలిచే సదుపాయం ఉందా అని చూడాలి.

గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చే పరికరానికి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే తెలుసుకోవడం మంచిది. ఇక్కడ కొన్నా బిల్లు తప్పక తీసుకోవాలి. తెలుగు ఊరి పేర్లు తెరపై సరిగా వస్తాయో లేదో దుకాణంలోనే పరీక్షించాలి.

పటంలో లేని బాటలు

ఇలాంటి పరికరాల్లో అనేకం ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఉచిత పటాన్ని వాడుతాయి. దీన్ని స్వచ్ఛందంగా పనిచేసేవారే తయారు చేస్తారు. చెరువు కట్టలు, డొంక దారులు, కొత్తగా వేసిన లింకు రోడ్లు అన్నీ అందులో ఉండకపోవచ్చు. తెలిసినవారెవరైనా వాటిని చేర్చవచ్చు. చదువుకున్న యువకులు తమ ఊరి బాటలను చేర్చితే పదిమందికీ మేలు. అయితే వానాకాలంలో లో లెవెల్ వంతెన మీద నీరు పారుతున్న సంగతి యంత్రానికి తెలియదు. అది దగ్గర దారి అని చూపుతుంది. అలాంటప్పుడు ఊరివారిని అడగడమే ప్రాణానికి క్షేమం.

ముందు హెల్మెట్

జగిత్యాల, కోరుట్లల మీదుగా సాగే 63వ నంబరు జాతీయ రహదారిపై లారీల పక్కన సైకిలు తొక్కేవారు కళ్లు తెర మీద గాక దారి మీద ఉంచాలి. ఉన్న డబ్బుతో మొదట హెల్మెట్, వెనుక ఎర్ర లైటు, మంచి బ్రేకులు కొనాలి. అవి సమకూరాక మిగిలిన సొమ్ముతోనే మీటరు సంగతి ఆలోచించాలి.