టార్చిలైటే కుంచె... పాత కారే బొమ్మ!

దీపావళి నాడు కాకరపువ్వొత్తి పట్టుకుని గాల్లో సున్నాలు చుట్టని పిల్లలుంటారా? చుట్టిన సున్నా ఒక్క క్షణం కళ్ళ ముందు నిలబడి అంతలోనే మాయమైపోతుంది. ఆ మాయమయ్యే గీతని కెమెరా మాత్రం పట్టి ఉంచుతుంది. చీకట్లో కెమెరా షట్టరుని ఓ అరనిమిషం తెరిచి ఉంచి దీపాన్ని కదిలిస్తే, అది నడిచిన దారంతా ఫొటోలో పడుతుంది. అదే దీపాన్ని ఓ వస్తువు మీదికి తిప్పితే, వెలుగు పడ్డంత మేరా ఆ వస్తువు బొమ్మకడుతుంది. దీన్నే లైట్ పెయింటింగ్ అంటారు. వెలుగుతో రంగులద్దడమన్నమాట!

1949లో జాన్ మిలీ అనే ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సులో పికాసో చేతికి చిన్న టార్చి ఇచ్చి గాల్లో బొమ్మలు వేయించాడు. ఆ ఫొటోలు లోకమంతా చూసింది. అంతకు చాలా ముందే ఈ విద్యని ఒక ఇల్లాలు కూడా వాడిందని మనలో ఎంతమందికి తెలుసు? 1910ల్లో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు పనివాళ్ళ చేతులకి చిన్న బల్బులు కట్టి ఫొటోలు తీశారు. చెయ్యి ఎక్కడెక్కడ వృథాగా తిరుగుతోందో ఆ వెలుగు గీతలు పట్టిచ్చేవి. పన్నెండుమంది పిల్లల తల్లి లిలియన్, 1924లో భర్త పోయాక, ఆ లెక్కలన్నీ వంటింటికి తెచ్చింది. పొయ్యి, గట్టు, సామాను ఎలా అమరిస్తే ఆడవాళ్ళకి నడక తగ్గుతుందో చూపించింది.

ఇంటి ముందున్న ఏనుగు

ఈ లైట్ పెయింటింగ్‌కి చక్కగా కుదిరే వస్తువు పాత కారు. ఎందుకంటారా? కారు ఒళ్ళంతా అద్దమే కదా! పగలు ఫొటో తీస్తే చెట్టు, కరెంటు స్తంభం, చివరికి తీసే మనిషి కూడా అందులో కనిపిస్తారు. చీకట్లో ఆ బాధ లేదు. మనం చూపించదలుచుకున్నదే కనిపిస్తుంది. గుండ్రటి బానెట్టు, నికెల్ బంపరు, కళ్ళలాంటి హెడ్‌లైట్లు ఒక్కొక్కటీ తేలి వస్తాయి. తుప్పు పట్టిన మూలని చీకట్లోనే వదిలేయొచ్చు!

నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌కేం, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. మరి మన అంబాసిడర్ మాటేమిటి? 1950ల చివర మొదలైన ఆ బండి తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అప్పటికే పద్మినీ కూడా లేదు. పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళిందీ, పసిగుడ్డుతో ఇంటికి తెచ్చిందీ, పెళ్ళిలో పూలదండలేసుకుని నిలబడిందీ ఆ కారే. ఇప్పుడది షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. "అమ్మేద్దామమ్మా, చోటైనా కలిసొస్తుంది" అంటాడు కొడుకు. "మీ నాన్నగారు కొన్నదిరా" అంటుంది తల్లి. ఎన్ని ఇళ్ళలో వినడం లేదూ ఈ మాట!

కొడుకుని పూర్తిగా తప్పుపట్టలేం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళతో తీరిపోతుంది. ఆపైన ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన, మార్పులు చేయని కార్లని వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అయితే వాటిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ తప్ప రోజూ తిప్పకూడదు. ఈ ఖర్చు అందరూ భరించగలరా? కారుని ఉంచుకోలేకపోవచ్చు. దాని అందాన్నయినా ఉంచుకోవచ్చు.

మీరూ తీయొచ్చు

రాత్రిపూట ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. మీ వాకిట్లోనే దీపాలన్నీ ఆర్పేయండి. వెన్నెల లేని రోజైతే మరీ మంచిది.

ముందు కారుని శుభ్రంగా తుడవండి. దుమ్ము చుక్కలు చీకట్లో ఇంకా బాగా కనిపిస్తాయి! కెమెరాని కదలకుండా స్టాండు మీద పెట్టండి. చాలా సెల్‌ఫోన్లలో 'ప్రో' అనే అమరిక ఉంటుంది, అదీ చాలు. ఐఎస్ఓ 100, షట్టరు 30 సెకన్లు పెట్టుకోండి. చీకట్లో ఫోకస్ కుదరదు కాబట్టి ముందు నంబరు ప్లేటు మీద టార్చి వేసి, ఫోకస్ సరిచేసి అక్కడే బిగించేయండి. నొక్కేటప్పుడు కదలకుండా టైమరు వాడండి.

టార్చిని నేరుగా వేస్తే మచ్చలు పడతాయి. ఎంబ్రాయిడరీ డిజైన్లు దించుకునే ట్రేసింగ్ పేపరు ముందు కడితే వెలుగు మెత్తబడుతుంది. పొడుగాటి ఎమర్జెన్సీ లైటు ఉంటే ఇంకా మేలు. దాన్ని కారు టాపు పైన ఎత్తి పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే వేగంతో నడిస్తే, కారు పొడుగునా పట్టుచీర జరీ అంచులా ఒకే మెరుపు గీత వస్తుంది. కెమెరా వైపు దీపం కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. టాపుకొకటి, పక్కకొకటి, చక్రాలకొకటి విడివిడిగా తీసి, తర్వాత పిల్లల చేత కంప్యూటరులో కలిపించుకోవచ్చు. మొదటి నాలుగైదూ పాడైనా దిగులు పడకండి. మొదటి అట్టు ఎవరికి సరిగ్గా వస్తుంది గనక!

ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ముదురు రంగు బట్టలు కట్టుకోండి, కదులుతూనే ఉండండి. కెమెరా ముందు ఒకచోట ఆగితే నల్లటి నీడలా అచ్చు పడతారు. ఆగకుండా తిరిగారా, కారు చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేసినా ఫొటోలో మీరుండరు. వెలుగు మాత్రమే ఉంటుంది. పని కనబడి మనిషి కనబడకపోవడం మనకేమైనా కొత్తా?

అందుకే ఫొటో అచ్చు వేయించాక వెనకవైపు నాలుగు మాటలు రాసిపెట్టండి. కారు నంబరు, కొన్న ఏడాది, అందులో ఇంటికొచ్చిన పిల్లల పేర్లు. చివర్న, ఆ రాత్రి టార్చి పట్టుకున్నది ఎవరో... ఆ పేరు కూడా.