ఉత్తర కోస్తా గ్రామాలలో ఊరకుక్కల యాజమాన్యం: రేబిస్ టీకాకే తొలి ప్రాధాన్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాలలో తిరిగే కుక్కలకు యజమాని లేకపోయినా పిడికెడు అన్నం పెట్టే ఇల్లు సాధారణంగా ఉంటుంది. తీరంలో చేపలు ఎండబెట్టే చోట్లు, లోపలి గ్రామాలలో కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు, పశుకళేబరాలు కూడా వాటికి ఆహారమే. ఆ ఆహారం ఉన్నంత కాలం కుక్కలను చంపినా, తరలించినా ఖాళీ అయిన చోటికి కొత్తవి చేరుతాయి. టీకా పొందిన కుక్కలు పోయి, పొందనివి మిగులుతాయి. కనుక చంపడం క్రూరమే కాక రేబిస్ నివారణకు నిష్ప్రయోజనం.

మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల వల్లనే వస్తుంది. కుక్కలలో కనీసం 70 శాతానికి ఏటా టీకా వేస్తే వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఏడాదిలో కొన్ని చనిపోయి, పిల్లలు పుట్టి రక్షణ శాతం తగ్గుతుంది; ఆ తగ్గుదలను తట్టుకొనేందుకే 70 శాతం అవసరం. గోవాలో విస్తృతంగా టీకాలు వేసి 2018 నుండి మానవ రేబిస్ మరణాలను అరికట్టగలిగారు.

జంతు జనన నియంత్రణ నియమావళి–2023 ప్రకారం స్థానిక సంస్థలు కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, టీకా చేయించి పట్టిన చోటనే వదలాలి. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణలలో పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించింది. శస్త్రచికిత్సకు శిక్షణ పొందిన పశువైద్యుడు, థియేటరు, కోలుకొనే వరకు ఉంచే గదులు కావాలి. చిన్న పంచాయతీకి ఇవి సమకూరే వరకు టీకాను ఆపడం సరికాదు.

ఏటా జూలై 6న పశువైద్యశాలలలో వేసే ఉచిత టీకాలకు ప్రధానంగా పెంపుడు కుక్కలే వస్తాయి. ఊరకుక్కల కోసం బృందమే వీధిలోకి వెళ్ళాలి. అన్నం పెట్టేవారు పిలిస్తే చాలా కుక్కలు వలతో పనిలేకుండా దొరుకుతాయి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మత్స్యకారులు ఊరిలోనే ఉంటారు కనుక తీర గ్రామాలకు అదే అనువైన కాలం. ఎండ ముదరక ముందే పని ముగించాలి. టీకా వేసిన కుక్కకు రంగు గుర్తు పెట్టి, మర్నాడు వీధులలో గుర్తున్నవి, లేనివి లెక్కిస్తే సాధించిన శాతం తెలుస్తుంది. గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థులకు ఈ లెక్కింపు మంచి క్షేత్రశిక్షణ కాగలదు.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, పసుపు, కారం, సున్నం పూయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోకి ఇచ్చే టీకాలు 0, 3, 7, 28 రోజులలో పూర్తిచేయాలి. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. పశువు అదేపనిగా అరుస్తూ, చొంగ కారుస్తూ, మింగలేకపోతే గొంతులో ఏదో అడ్డుపడిందని రైతు నోటిలో చేయి పెడతాడు. అది రేబిస్ కావచ్చునని, చేయి పెట్టక ముందే పశువైద్యుని పిలవాలని ప్రతి రైతు సమావేశంలో చెప్పాలి.