టి కణానికి అన్నం పెట్టేదెవరు?

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. బుజ్జీ, నిన్న నువ్వడిగావు కదా, "తాతయ్యా, ఒంట్లో టి కణాలు రోగాల్ని చంపుతాయంటావు, మరి కేన్సర్‌ని ఎందుకు వదిలేస్తాయి?" అని. ఎంత మంచి ప్రశ్న వేశావే!

వదిలెయ్యవమ్మా. చాలాసార్లు గుర్తుపడతాయి, కణితి లోపలికీ వెళతాయి. తీరా వెళ్లాక అక్కడ తిండి దొరకదు. మన డెల్టాలో వరిచేను పక్కనే రొయ్యల చెరువు తవ్వితే ఏమవుతుందో చూశారుగా? కాలవలో మంచినీళ్లు చెరువు తోడేసుకుంటుంది, దాని ఉప్పు గట్టు కిందనుంచి చేలోకి దిగుతుంది. విత్తనం మంచిదైనా పైరు ఎదగదు. కణితి చేసేదీ అదే. చుట్టూ ఉన్న గ్లూకోజు లాగేసుకుని లాక్టిక్ ఆమ్లం బయటికి వదుల్తుంది. పెరుగుకి పులుపిచ్చేది కూడా ఆ ఆమ్లమే సుమా!

1920లలో జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ అనే ఆయన ఈ వింత చూశాడు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణితి ముక్కలు గ్లూకోజుని పూర్తిగా వాడుకోకుండా ఆమ్లం చేసేస్తున్నాయి. పూర్తిగా వాడుకుంటే ఒక్కో గ్లూకోజుకి 30 దాకా ఏటీపీలు వస్తాయి. ఇలాగైతే రెండే! ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి దాన్ని కనిపెట్టింది ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు! ఆ పేరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఏదీ, ఎక్కడున్నాం? ఆఁ, గ్లూకోజు. అసలు తంటా ఏమిటంటే, పోరుకి దిగిన టి కణానికీ బోలెడు గ్లూకోజు కావాలి. అది చాలకపోతే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఆయుధం సరిగా తయారుచేసుకోలేదు. ఎలుకల కణితుల్లో ఈ పోటీని 2015లో స్పష్టంగా చూపించారు. పైగా ఆ పులుపొకటి. రక్తం పీహెచ్ 7.4 ఉంటే, కణితి లోపల 6.5 దాకా పడిపోవచ్చు. పీహెచ్ తగ్గిందంటే పులుపు పెరిగినట్టే. ఆ పులుపులో టి కణాలు నీరసిస్తాయి. పోరుని అణిచే రకం టి కణాలు కొన్నున్నాయి, అవి మాత్రం ఆ లాక్టిక్ ఆమ్లాన్నే తిని నిలదొక్కుకుంటాయి! ఎంత చిత్రమో చూడండి.

"అయితే పంచదార మానేస్తే కేన్సర్ చచ్చిపోతుందా?" అంటున్నాడు చిన్నోడు. లేదు నాన్నా. మనం తినకపోయినా కాలేయం గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. జబ్బు మనిషి కడుపు మాడ్చుకుంటే ఒళ్లు చిక్కిపోతుంది గానీ కణితి కాదు. అందుకే శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. కణితి లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి నెట్టే ద్వారాలు కొన్ని ఉంటాయి, వాటిని మూసే మందులు పరీక్షిస్తున్నారు.